గొంగళికి మేం చెప్పిన జాతులు

మా అప్ప పోయాక ఆమె ఇంట్లోంచి నేను తెచ్చుకున్నవి రెండే. ఒకటి, ఒక స్టీలు డబ్బాలో ఆమె దాచుకున్న పాత కళ్లజోళ్లు. రెండోది ఆమె కుక్క. కళ్లజోళ్లు ఎందుకు తెచ్చానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. కుక్కను మాత్రం తేక తప్పలేదు. అప్ప అంటే మా వైపు అక్క. నాకన్నా నాలుగేళ్లు పెద్దది. బావగారు పోయిన తర్వాత విజయనగరంలో ఆ కుక్కతోనే ఉండేది. దాని పేరు రాగి, రంగు కూడా అదే. ఒళ్లు పొడుగు, కాళ్లు పొట్టి. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది కంటి మీదికి వాలిపోయి ఉంటుంది. దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చిందో అప్ప నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పింది. నేను ఎదురు అడగలేదు. అప్ప సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

నేనుండేది రాజాంలో. పొద్దున్న ఆరింటికి రాగిని తీసుకుని పాలకొండ రోడ్డు వైపు నడుస్తాను. అప్పటికే ధాన్యం బస్తాల ట్రాక్టర్లు తిరుగుతుంటాయి, కాలేజీ బస్సుల కోసం పిల్లలు నిలబడి ఉంటారు. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో పాఠాలు చెప్పినా నన్ను ఆపి ఇంతమంది ఎప్పుడూ పలకరించలేదు. ఒకరోజు మోటారు సైకిలు మీద ముందు బియ్యం బస్తా పెట్టుకుని వెళుతున్న ఒకాయన, కొంచెం దూరం పోయి, వెనక్కి తిరిగి వచ్చి మరీ అడిగాడు.

"ఏటి మేడమ్, ఇది ఏ జాతి?"

"తెలీదండీ."

"తెలీకుండానే పెంచుతన్నారేటి?"

"మా అప్పది."

"ఆవిడకి తెలుస్తాది కదా. ఓపాలి అడగండి మరి."

అడుగుతానని చెప్పి ముందుకు నడిచాను. మొదట్లో ఇదే నాకు కష్టంగా ఉండేది. కుక్క జాతి అడిగిన మనిషికి రెండో మాటలోనో మూడో మాటలోనో అప్ప లేదని చెప్పాల్సి వచ్చేది. వాళ్లు నొచ్చుకునేవారు. వాళ్లను నేను ఓదార్చాల్సి వచ్చేది. కొన్నాళ్లు వీధి మార్చి చూశాను. అక్కడా మనుషులున్నారు. కాలేజీ కుర్రాళ్లయితే రాగిని ఒక్క నిమిషం నిలబెట్టమని ఫోనుతో ఫోటో తీస్తారు. ఫోను ఏదో పేరు చెబుతుంది. పక్కకు తిప్పి ఇంకోటి తీస్తే ఇంకో పేరు చెబుతుంది. తెలియదన్న నా జవాబుతో మాత్రం ఇంతవరకూ ఎవరూ తృప్తి పడలేదు. ఇప్పుడు నాకు అలవాటైంది. ఎవరైనా ఆపకపోతే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. అలా ఆగి నిలబడ్డ ఒక పూటే, సాలూరులో మా అరుగు మీద అప్పా నేనూ కూర్చుని ఇదే ప్రశ్నకు జవాబు చెప్పిన రోజులు గుర్తుకొచ్చాయి. అప్పుడు మాత్రం తెలియదని చెప్పే వీలు మాకు లేదు.

సాలూరులో మా నాన్న ఒక లారీ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు రోడ్డు మీద, ఇల్లు దాని వెనక. మధ్యలో పాత టైర్లు పేర్చిన ఒక పెరడు. మా ఇంటికి డీజిలు వాసన, గ్రీజు వాసన, ఎండాకాలంలో వేడెక్కిన రబ్బరు వాసన ఎప్పుడూ ఉండేవి. ఏజెన్సీ నుంచి చింతపండు దిగే రోజుల్లో వీటన్నిటినీ తోసేసి పులుపు వాసన వచ్చేది. అమ్మ గుమ్మం దగ్గర నిలబడి ఒకసారి గాలి పీల్చి, ఈరోజు ఏ సరుకు దిగిందో చెప్పేసేది. నాన్న కుడిచేతి వేళ్లు కార్బన్ కాగితం వల్ల ఎప్పుడూ నీలంగా ఉండేవి. అన్నానికి కూర్చునే ముందు ఆయన సీకాయపొడితో ఆ మూడు వేళ్లూ రుద్దుకునేవాడు. రంగు పోయేది కాదు. అయినా రోజూ రుద్దుకునేవాడు. మాటల్లోనూ అలాంటి మనిషే. సరుకు రెండు రోజుల్లో చేరుతుందని యజమాని చెప్పమన్నా, నాలుగు రోజులు పట్టేదైతే నాలుగు అనే చెప్పేవాడు.

సాలూరు దాటితే ఘాటు రోడ్డు. ఒడిశా మీదుగా రాయపూర్ పోయే ప్రతి లారీ అక్కడ ఆగేది. డ్రైవర్లు దిగి ఇనుప రాడ్డుతో టైర్లు కొట్టి చూసుకునేవారు, బ్రేకులు చూసుకునేవారు, కొబ్బరికాయ కొట్టేవారు, మా ఆఫీసు పక్కనే ఉన్న సింహాచలం హోటల్లో భోంచేసి ఎక్కేవారు. అప్పుడు ఫోన్లు లేవు. ముందు వెళ్లిపోయిన లారీకి ఏదైనా చెప్పాలంటే నాన్న వెనక వెళ్లే డ్రైవరుకు చెప్పేవాడు. అతను ఘాటు మీద సుంకి ఊరి దగ్గర టీ కొట్లో చెప్పేవాడు, వాళ్లు ఇంకొకరికి చెప్పేవారు. కాగితం ముక్క లేకుండా ఆ కబురు రాయపూర్ దాకా పోయేది, జవాబు తిరిగి వచ్చేది. మా నాన్న ఉద్యోగంలో సగం ఇదే. ఇది రోజూ చూస్తూ పెరిగిన మేమిద్దరం, తర్వాత చేసిన పని చేయకుండా ఉండాల్సింది.

ఒక వానాకాలం చివర్లో, పెరట్లో టైర్ల మధ్య ఒక కుక్క కనిపించింది. అలాంటి కుక్కను మేం ఎప్పుడూ చూడలేదు. బూడిద రంగు బొచ్చు, ఒత్తుగా, చెయ్యి పెడితే వేళ్లు కనిపించనంత. తోక వీపు మీదికి చుట్టుకుని ఉంది. తడిసి ముద్దయి ఉంది. "గొంగళి కప్పుకుని వచ్చినట్టుందే," అంది అమ్మ. అదే దాని పేరైపోయింది. అమ్మ దానికి మట్టిమూకుడులో తరవాణి పోసింది. తరవాణి అంటే అన్నమూ గంజీ కలిపి పులియబెట్టింది. మా ఇంట్లో పొద్దున్నే అందరం తాగేది అదే. గొంగళి మూకుడు ఖాళీ చేసి, మూకుడు పక్కనే పడుకుంది. అప్ప దాని పక్కన కూర్చుంది.

నాన్న వచ్చి చూసి ఒకటే మాట అన్నాడు. "ఇది లారీ దిగిన కుక్క. దీనికి ఎవరో ఉన్నారు. వాళ్లొచ్చి అడిగేదాకా ఉంచండి. అడిగితే ఇచ్చేయాలి."

"అడక్కపోతే?" అంది అప్ప.

"అడక్కపోతే ఉంటాది."

ఆ రెండు మాటల మీదే మా ఎనిమిది నెలలు నడిచాయి. ఎవరూ అడగకుండా చూసుకుంటే గొంగళి మాది. అడిగితే కాదు. అప్ప ఆలోచన సూటిగా ఉంది. లారీ దిగిన కుక్క అని తెలిస్తేనే కదా ఎవరైనా అడిగేది? ఇది ఫలానా జాతి, మాకు ఫలానా చోటు నుంచి వచ్చింది అని చెబితే ఇంకెవరు అడుగుతారు? చూసిన ప్రతివాడూ జాతి అడుగుతున్నాడు. కాబట్టి జవాబు సిద్ధంగా ఉండాలి. నాన్నను అడిగితే లారీ దిగిందని చెప్పేస్తాడు. అందుకని బడి లేని వేళల్లో మేమిద్దరం ఆఫీసు అరుగు మీద కూర్చుని, ఆ ప్రశ్న నాన్న టేబులు దాకా వెళ్లకుండా అక్కడే ఆపేసేవాళ్లం.

మొదట అడిగినవాడు ఒక లావుపాటి డ్రైవరు. "ఏటి పాపా, ఎలుగ్గొడ్డుని పెంచుతన్నారేటి?"

"ఎలుగ్గొడ్డు కాదు. టిబెట్ కుక్క," అంది అప్ప. "మా పెద్ద మావ మిలట్రీలో ఉన్నాడు. సెలవకి వచ్చినప్పుడు తెచ్చాడు."

మాకున్న ఒక్క మావ పార్వతీపురంలో బట్టల కొట్లో పనిచేసేవాడు.

"మన ఎండకి తట్టుకుంటాదా?"

"తట్టుకోదు. మధ్యాన్నం గోనె తడిపి ఏస్తాం. దాని మీదే పడుకుంటాది."

ఈ మాట నిజం. అబద్ధం చుట్టూ నిజాలు పేర్చడం అప్పకు ఎవరూ నేర్పలేదు. ఆ డ్రైవరు తల ఊపి, కొబ్బరిచెక్క విరిచి గొంగళికి పెట్టి వెళ్లిపోయాడు. అప్ప నా వైపు చూసింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు, మా అప్ప కన్నా గొప్పవాళ్లు ఉంటారని అనుకోలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. మరునాడు ఇంకో డ్రైవరు అడిగితే అప్ప కాబూల్ కుక్క అంది. ఆ వారంలోనే మంచూరియా అయింది. భూగోళం పుస్తకం అరుగు మీదే ఉండేది. ఎందుకిలా మారుస్తున్నావని అడిగితే, "నిన్న సెప్పిందే సెప్తే నాకేటి సరదా? అయినా ఈ లారీ వెళ్లిపోతాది, రేపు ఇంకోటి వస్తాది. ఈళ్లూ ఆళ్లూ ఎక్కడ కలుస్తారే?" అంది. నాకూ నిజమే అనిపించింది. మా అరుగు మీంచి చూస్తే ప్రతి లారీ ఘాటు వైపు వెళ్లి మాయమైపోయేది.

ఒకసారి ఘాటు అవతల ఒడిశాలోని జయపురం డ్రైవరు దొరికాడు. ఇది జయపురం రాజుగారి వేటకుక్కల సంతతి అని అతనికే చెప్పింది.

"నాను జయపురంలోనే పుట్టాను పాపా. నాకు తెలీని కుక్కా?"

"మీరు కోట లోపలికి ఎప్పుడైనా వెళ్లారేటి?"

అతను వెళ్లలేదు. ఒప్పుకున్నాడు.

నాకు అబద్ధం వచ్చేది కాదు. అప్పకు జ్వరం వచ్చిన రోజు నేనొక్కదాన్నే అరుగు మీద ఉన్నాను. ఇది ఏ జాతి అని ఒకాయన అడిగితే, "అప్పని అడిగి సెప్తాను, ఉండండి," అని లోపలికి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి అరుగు ముందు నలుగురు డ్రైవర్లు నిలబడి ఉన్నారు. అందరూ పకపకా నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు నాకు తెలియలేదు.

వాళ్లంతా ఒక్కచోటే తినేవారు. సింహాచలం హోటల్లో బల్లకు ఇటు కూర్చున్నవాడు టిబెట్ అంటే, అటు కూర్చున్నవాడు కాబూల్ అనేవాడు. రోజులు గడిచేకొద్దీ అదొక కాలక్షేపం అయిపోయింది. రెండోసారి వచ్చినవాళ్లు కూడా మొదటిసారి చూసినట్టే మొహం పెట్టి అప్పను అడిగి, కొత్త జాతి విని, వెళ్లి మిగతావాళ్లకు చెప్పేవారు. ఘాటు ఎక్కిన ప్రతి లారీతోనూ ఆ కబురు వెళ్లింది. చివరికి హోటలు యజమాని సింహాచలమే వచ్చి నాన్నతో అన్నాడు.

"గుమాస్తా బాబూ, మీ కుక్క కోరాపుట్ దాకా పేరు మోసింది. ఇప్పటికి ఎన్ని జాతులో తెలుసా?"

"నాకు కిటికీలోంచి అన్నీ వినిపిస్తాయి," అన్నాడు నాన్న, రాసుకుంటున్న కాగితం మీంచి తల ఎత్తకుండా.

ఆ మాట తలుపు చాటునుంచి విన్నాం. అప్ప నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. అయితే నాన్న మమ్మల్ని పిలవలేదు, తిట్టలేదు, ఎవరికీ నిజం ఇదీ అని చెప్పనూ లేదు. ఎందుకు చెప్పలేదో నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఆయన్ను ఎవరూ నేరుగా అడగలేదు, అంతే అయ్యుండొచ్చు. ఆఫీసు మూసే వేళకు గొంగళి వెళ్లి ఆయన కుర్చీ కింద పడుకునేది. అది లేచేదాకా ఆయన కుర్చీ జరిపేవాడు కాదు. అదీ కారణం అయ్యుండొచ్చు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఒక మనిషి అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. సన్నగా ఉన్నాడు, నెరిసిన గడ్డం, భుజం మీద తువ్వాలు. లారీ దూరంగా ఆపి నడిచి వచ్చాడు. "ఇది ఏ జాతి కుక్క తల్లీ?" అని అడిగాడు.

"మంగోలియా," అని అప్ప మొదలుపెట్టింది. అప్పటికే గొంగళి లేచింది. గోనె మీంచి దిగి, ఆ మనిషి దగ్గరికి వెళ్లి, అతని రెండు పాదాల మీద పడుకుంది. ఒంట్లో ఎముక లేనట్టు పడుకుంది. గొంతులోంచి సన్నగా ఒక చప్పుడు చేసింది. ఎనిమిది నెలల్లో ఆ చప్పుడు మేం ఎప్పుడూ వినలేదు.

"ఈ జాతి అంతే," అంది అప్ప. "కొత్తోళ్లు ఎవరొచ్చినా ఇలాగే పడుకుంటాది."

"అలాగేటి?" అన్నాడతను. కిందికి వంగి దాని చెవి వెనక గోకాడు. నాన్న కుర్చీలోంచి లేచి బయటికి వచ్చాడు.

"నీదేనా?"

"నాదే బాబూ. నా పేరు పైడయ్య. కిందటి వానల్లో ఇక్కడ టైరు మార్చుకున్నాం. పైన టార్పాలిన్ కింద పడుకుందనుకుని బండి తీసేసినాం. కోరాపుట్‌లో ఎత్తి సూస్తే నేదు. ఘాటు మలుపుల్లో జారిపడిపోనాదనుకున్నాను. కొండ మీద ప్రెతి ఊర్లోనూ అడిగినాను. తరవాత నన్ను నాగపూర్ లైన్లో ఏసీసినారు. కనిపిస్తే సెప్పండని అందరికీ కబురెట్టినాను."

"మరి ఇన్నాళ్లూ?"

"సాలూరులో ఒక బొచ్చుకుక్క ఉన్నాదని ఎవుడో సెప్పినాడు బాబూ. అయితే అది టిబెట్‌ది, మిలట్రీ మావ తెచ్చినాడు అన్నాడు. సరే, నాది కాదనుకున్నాను. రెండు నెల్లు పోయాక ఇంకొకడు అదే కుక్కని కాబూల్ అన్నాడు. మూడోవోడు రాజుగారి కుక్కన్నాడు." పైడయ్య అప్ప వైపు చూశాడు. అతని మొహంలో కోపం లేదు. "ఒక్కటే మాట మీద ఉండుంటే నాను వచ్చీవోణ్ణి కాదు తల్లీ. ఒక కుక్కకి ఇన్ని జాతులున్నాయంటే, దాని జాతి ఎవలకీ తెలీదన్నమాట. అలాటి కుక్క నాదొక్కటే."

నాన్న ఇచ్చేయమంటాడని నేను ఎదురుచూస్తున్నాను. పైడయ్యే మళ్లీ మాట్లాడాడు. "ఎనిమిది నెల్లు సాకినారు. నాదని నానంటన్నాను గానీ సాచ్చికం ఏటి తేగలను? ఈ పాప ఏటంటే అదే. మీదంటే మీదే, నానెల్లిపోతాను."

అప్పకు జీవితంలో అంత తేలికైన అబద్ధం మళ్లీ దొరికి ఉండదు. ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఇక బయటికి రాదనుకున్నాను. వచ్చింది. చేతిలో రెండో గోనె ఉంది, నీళ్లలో ముంచి పిండి తెచ్చింది. దాన్ని పైడయ్య చేతిలో పెట్టి, "మధ్యాన్నం పూట ఇది తడిపి ఏయండి. నేకపోతే రొప్పుతాది," అంది.

లారీ దాకా మేమిద్దరమూ వెళ్లాం. గొంగళిని క్యాబిన్‌లోకి ఎక్కించాక అప్ప అడిగింది. "మరి నిజంగా ఇది ఏ జాతి?"

"నాకేటి తెలుసు తల్లీ! మంచుకొండల దిక్కు ఒక దాబాకాడ గుప్పెడు పిల్లగా దొరికింది. దారిలో ఎవులడిగినా పులికి పుట్టిందని సెప్తాను."

"నమ్ముతారా?"

"సగం మంది నమ్ముతారు."

అప్ప నవ్వింది. లారీ మలుపు తిరిగాక ఏడ్చింది. ఆ సాయంత్రం నాన్న మంచి పని చేశావని అనలేదు. అన్నం తినేటప్పుడు తన కంచంలోని వడియాలన్నీ తీసి అప్ప కంచంలో వేశాడు. నాకు ఒక్కటి కూడా వేయలేదు. అది న్యాయమేనని అప్పుడే అనిపించింది.

ఆ రోజులు ఇప్పటికన్నా మంచివని నేను అనను. ఘాటులో బ్రేకులు తెగి ఎంతమంది పోయారో, ఆ కబుర్లు ఎంత ఆలస్యంగా వచ్చేవో నాకు తెలుసు. అప్ప పోయిన సంగతి మాత్రం నాకు నిమిషాల్లో తెలిసింది, ఫోను చేతిలోనే ఉంది కాబట్టి. బట్టలు సర్దుకోవడానికి, కాసేపు కూర్చోవడానికి వ్యవధి దొరికింది. అయితే ఒక తేడా కనిపిస్తుంది. ఇప్పుడు ఫోను ఏదో పేరు చెప్పగానే కుర్రాళ్లు బస్సెక్కి వెళ్లిపోతారు. మాకు ఎదురైన డ్రైవర్లు జవాబు అబద్ధమని తెలిసే మళ్లీ వచ్చి అడిగేవారు. ఘాటు ఎక్కే ముందు కాసేపు నవ్వుకోవాలని అడిగేవారు. ఇద్దరు పిల్లలు తమ కుక్కను దాచుకుంటున్నారని వాళ్లకు తెలిసే ఉంటుంది. పైడయ్యకు కబురు చేర్చింది కూడా వాళ్లే. రెండూ చేశారు.

పైడయ్య మళ్లీ తెస్తానని మాట ఇవ్వలేదు గానీ, తిరిగి ఈ లైనుకే మారి, నెల తిరక్కుండానే వచ్చాడు. మధ్యాహ్నం రోడ్డు మీద హారన్ మోగింది. మోగుతూనే ఉంది. మేం పెరట్లో ఉన్నాం. అప్ప ఓణీ జారిపోతున్నా పట్టించుకోకుండా ముందు పరిగెత్తింది. వెనక నేను. అమ్మ తరవాణి కుండ దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. గొంగళి క్యాబిన్‌లోంచి దూకి, ఆఫీసు అరుగు ఎక్కి, పెరట్లోకి వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లు అలా వస్తూనే ఉంది, ఘాటు ఎక్కేటప్పుడు గంట, దిగేటప్పుడు గంట. పైడయ్య లారీ మానేసి కోటబొమ్మాళి దగ్గర తన ఊరికి వెళ్లిపోయేదాకా వచ్చింది.

ఆ మొదటి రోజు గొంగళి ఎవరి దగ్గరికి ముందు వచ్చిందన్నది అప్పకూ నాకూ మధ్య చివరిదాకా తేలలేదు. నేను చూసింది చెబుతున్నాను. అది చేతులు చాపి నిలబడ్డ అప్పను దాటుకుని, తిన్నగా వెళ్లి అమ్మ కాళ్ల దగ్గర ఆగింది. దాని గురించి ఎవరికీ ఏ కథా చెప్పకుండా రోజూ మూకుడు నింపింది అమ్మే. "నా దగ్గరికే వచ్చింది, నీకు అప్పుడు ఎనిమిదేళ్లు, నీకేటి తెలుసు?" అనేది అప్ప. పెళ్లిళ్లలో అనేది, ఆస్పత్రి మంచం మీంచి కూడా అంది. ఇది రాయడానికి కూర్చున్నప్పుడు, ఇక వాదించే మనిషి లేదు కదా, ఆమె చెప్పినట్టే రాసేద్దామనుకున్నాను. ఒక పేజీ అలాగే రాశాను కూడా. చదువుకుంటే ఆమెతో మాట్లాడటం మానేసినట్టు అనిపించింది. అందుకని ఆ పేజీ తీసేశాను. గొంగళి అమ్మ దగ్గరికే వెళ్లింది. కాదంటే అప్ప అనాలి.